మిషినేదిరా?

పోయిన ఏడు ఎంగిలిపూల బతుకమ్మ నాడు మా వీధిలోకి రెండు నల్ల డబ్బాలు వచ్చాయి. వనపర్తిలో నలభై ఏండ్లు మైకుసెట్టు నడిపిన మా మామయ్య వాటి చుట్టూ రెండుసార్లు తిరిగి, "మిషినేదిరా?" అని మా పెద్దోణ్ని అడిగారు.

"లోపలనే ఉంది తాతా."

మామయ్య నమ్మలేదు. ఆయన లెక్కలో మిషిను అంటే ఆంప్లిఫయరు. అది వేరు, స్పీకరు వేరు. మధ్యలో వైరు, మిషిను దగ్గర ఒక మనిషి. ఆ రెండూ ఎప్పుడు వేరుపడ్డాయో, మళ్లీ ఎట్లా కలిశాయో తెలుసుకోవాలని నాకూ పట్టుకుంది. కొంత చదివాను. మిగిలింది రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో చదువుతున్న మా పెద్దోడు చెప్పాడు.

1915లో అమెరికాలో జెన్సెన్, ప్రిడమ్ అనే ఇద్దరు గొట్టం స్పీకరుతో గొంతును దూరం పంపి చూపించారు. 1919లో శాన్ డియేగోలో అధ్యక్షుడు విల్సన్ వేలమంది ముందు మాట్లాడింది వాళ్ల మాగ్నవాక్స్ స్పీకర్లతోనే. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెల్లాగ్ తీగచుట్టకు కాగితపు గరాటు అతికించి కొత్త స్పీకరు చేశారు. ఈనాటి మన టీవీలో ఉండేది కూడా దాని సంతానమే. మరుసటేడు ఆర్‌సీఏ దాన్ని రేడియోలా 104 పేరుతో అమ్మింది. ఆంప్లిఫయరు ఆ పెట్టెలోనే ఉంది! అంటే పుట్టడం ఉమ్మడి కాపురంలోనే పుట్టారన్నమాట.

మరి వేరు కాపురం ఎందుకు పెట్టారు? పెద్ద సభలకు ఒక మిషినుతో పది గొట్టాలు మోగించాలి. గొట్టాన్ని వేపచెట్టుకైనా కట్టొచ్చు గానీ, వాల్వులతో వేడెక్కే బరువైన మిషినును కట్టలేం కదా. మన దేశంలో మోత్వానీ కుటుంబం నడిపిన చికాగో రేడియో సంస్థ స్వాతంత్ర్యోద్యమ కాలంలో కాంగ్రెస్ సభలకు మైకులు పెట్టింది. 1940లో ఢిల్లీలో అహూజా కంపెనీ మొదలైంది. ఆ తరువాత మైకుసెట్టు ఊరూరికీ ఒక బతుకుదెరువయింది. శ్రీరంగాపురం జాతరైనా, పెండ్లయినా మా మామయ్య సైకిలు మీద గొట్టాలు, బండి మీద మిషిను, బ్యాటరీ వేసుకుని పోయేవారట.

మళ్లీ కలవాలంటే ముందు వేడి తగ్గాలి. మా పాత ఇంట్లో గోడకు పెద్ద ఫ్యాను రెగ్యులేటరు ఉండేది. ఒకటో నంబరు మీద పెడితే ముట్టుకోలేనంత కాలేది. ఫ్యానుకు పోనివ్వని కరెంటు కొంత అక్కడే వేడిగా పోయేది. పాత ఆంప్లిఫయరులోనూ ఇదే తంతు. లోపలి ట్రాన్సిస్టర్లు సగం తిప్పిన కుళాయిల్లా ఉండి కాలుతుంటాయి. క్లాస్ డి రకంలో సగం అనేది లేదు. అయితే పూర్తిగా తెరవడం, లేకపోతే పూర్తిగా మూయడం, అదీ సెకనుకు లక్షల సార్లు. ఎంతసేపు తెరిచి ఉంచిందన్న దాన్నిబట్టి స్వరం ఏర్పడుతుంది. చివర ఒక ఫిల్టరు ఆ ముక్కలను కలిపి పాటగా స్పీకరుకు ఇస్తుంది. వాడిన కరెంటులో నూటికి తొంభై వంతుల దాకా పాటకే పోతుంది. డి అంటే డిజిటల్ కాదట. ఏ, బీ, సీ తరువాతి అక్షరం, అంతే.

1964లోనే ఇంగ్లండులో సింక్లెయిర్ ఎక్స్-10 అని ఇలాంటిది ఒకటి అమ్మారు. అప్పటి ట్రాన్సిస్టర్లకు అంత వేగం లేక అది నిలవలేదు. 1978లో ఫిన్లండులో జెనెలెక్ కంపెనీ స్టూడియోల కోసం, 1995లో జేబీఎల్ ఈయాన్ పేరుతో వేదికల కోసం మిషిను లోపలే ఉన్న స్పీకర్లు తెచ్చాయి. తరువాత క్లాస్ డి కుదురుకుంది, డబ్బా ఒంటిచేత్తో ఎత్తేంత తేలికైంది. నష్టం లేకపోలేదు. గొట్టం పాడైతే మామయ్య డయాఫ్రమ్ మార్చుకునేవారు. ఇప్పుడు లోపలి బోర్డు పోతే డబ్బా మొత్తం మూలకు పడాల్సిందే.

అసలు తేడా మాత్రం ఆ సాయంత్రం తెలిసింది. పాట బ్లూటూత్‌లో వస్తోంది, సౌండు ఫోనులో ఉంది, ఫోను ఎవరో పిల్లగాడి జేబులో ఉంది. వీధిలో అందరికంటే పెద్దామె గొంతెత్తి బతుకమ్మ పాట అందుకుంది. పక్కనే ఉన్న నాకే వినపడలేదు. రెండు చుట్లు తిరిగి ఆమె పాట ఆపేసింది. ఆ డబ్బాలో స్పీకరు కాలిపోకుండా కాపాడే లిమిటరు ఉంది. మనుషుల చెవుల సంగతి దానికి పట్టదు.

ఇంటికొచ్చాక మామయ్య అన్నారు: "నేను మిషిను కాడ కూసునేటోన్ని. అమ్మలు చెయ్యి ఊపితే తగ్గించేటోన్ని. ఇప్పుడు ఎవల్ని అడగాలె బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. రాత్రి పదికి ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. 2005లో సుప్రీంకోర్టు కూడా ఆ మాట గట్టిగా చెప్పింది. కానీ సాయంత్రం ఏడింటికి ఒక ముసలామె పాట ఆగిపోతే ఏ నిబంధన అడ్డొస్తుంది?

మరునాడు మా పెద్దోడు తాతకు తన ఫోనిచ్చి, వేలితో ఎట్లా జరపాలో నేర్పాడు. మామయ్య డబ్బాల పక్కన కుర్చీ వేసుకుని, కండ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. ఆ పెద్దామె చెయ్యి ఊపింది. ఆయన తగ్గించబోయి మొత్తం ఆపేశారు.

ఎవరూ మళ్లీ పెట్టమనలేదు. ఆమె పాట అందుకుంది, మేమంతా వంత పాడాం.