ఏడు గోల్స్ గుర్తున్నాయి, బంగారం గుర్తులేదు

ఈ దేశంలో హాకీని ప్రేమించడమంటే కోపిష్టి మొగుడితో కాపురం లాంటిది. ఎప్పుడు నవ్విస్తుందో, ఎప్పుడు ఏడిపిస్తుందో తెలీదు. నాకీ పిచ్చి మా నాన్నగారి నుంచి వచ్చింది. జగ్గయ్యపేటలో మా ఇంటి రేడియోలో హిందీ కామెంటరీ వస్తుంటే, తనకర్థమైన నాలుగు ముక్కలూ ఆయన మాకు తెలుగులో చెప్పేవారు. 1975లో పాకిస్తాన్‌ని 2-1తో ఓడించి ప్రపంచకప్, 1980లో మాస్కోలో స్పెయిన్ మీద 4-3తో ఒలింపిక్ బంగారం... ఇవి మా ఇంట్లో పండగల లెక్కలోవి.

తర్వాత 1982 డిసెంబరు 1. ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్. పాకిస్తాన్ 7, మనం 1. ఆ రాత్రి మా అమ్మ వండిన అన్నం వండినట్టే ఉండిపోయింది. గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగిని ద్రోహి అన్నారు జనం. ఆ ఓటమి గురించి మా ఊళ్ళో ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నారు.

అదే ఢిల్లీలో, అవే క్రీడల్లో, మన అమ్మాయిలు బంగారం గెలిచారని ఒక్కరూ అనలేదు! ఆసియా క్రీడల్లో ఆడవాళ్ళ హాకీ పెట్టడం అదే మొదలు. కెప్టెన్ ఎలీజా నెల్సన్. రాజ్‌బీర్ కౌర్ గోల్స్ మీద గోల్స్ కొట్టింది. నాకీ సంగతి పెళ్ళయి నందిగామ వచ్చి, మా అబ్బాయికి క్విజ్ పుస్తకం చదివి వినిపిస్తుంటే తెలిసింది. చదువుతున్నదాన్ని ఆగిపోయాను. మాస్కోలోనూ మన అమ్మాయిలు నాలుగో స్థానంలో నిలిచారట. మళ్ళీ ఒలింపిక్స్‌కి వెళ్ళింది 2016లో, రియోకి. ముప్ఫై ఆరేళ్ళు! ఒక పిల్ల పుట్టి, పెళ్ళయి, దాని కూతురు బడికెళ్ళేంత కాలం.

ఆ నేగిగారే తర్వాత అమ్మాయిలకు గోల్‌కీపింగ్ నేర్పారు. 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో వాళ్ళు బంగారం తెచ్చారు. ‘చక్ దే ఇండియా’ చూసినవాళ్ళకి ఈ కథ కొంత తెలిసే ఉంటుంది.

మగవాళ్ళ జట్టు 2008లో బీజింగ్‌కి అర్హతే సాధించలేదు. 2012లో లండన్‌లో ఆఖరి స్థానం. ఆ రోజుల్లో మా ఇంట్లో హాకీ పేరెత్తితే మావారు చానెల్ మార్చేసేవారు. 2021 ఆగస్టు 5న టోక్యోలో జర్మనీ మీద 1-3తో వెనకబడి కూడా 5-4తో కాంస్యం తెచ్చుకున్నారు. వీధంతా సంబరం.

మర్నాడు ఉదయం ఏడింటికి అమ్మాయిల మ్యాచ్, బ్రిటన్‌తో. కాంస్యం కోసమే. 0-2 నుంచి 3-2కి ఎక్కారు. నేను పొయ్యి కట్టేసి టీవీ ముందు కూర్చున్నాను. 3-4తో ఓడిపోయారు. మళ్ళీ నాలుగో స్థానమే. పిల్లలు మైదానంలో వెక్కి వెక్కి ఏడుస్తుంటే మా అత్తయ్యగారు కూడా కళ్ళొత్తుకున్నారు. హాకీ గురించి ఆవిడకి ఓనమాలు కూడా తెలీవు.

2024లో పారిస్‌కి మన అమ్మాయిలు వెళ్ళలేకపోయారు. రాంచీలో జపాన్ చేతిలో ఒక్క గోల్ తేడా. అదే ఏడాది నవంబరులో రాజ్‌గిర్‌లో చైనాని 1-0తో ఓడించి ఆసియా చాంపియన్స్ ట్రోఫీ గెలిచారు. ఆ గోల్ కొట్టిన అమ్మాయి పేరు దీపిక. ఈసారి మా ఇంట్లో అందరికీ ఆ పేరు తెలుసు.