ఆగకుండా అయిదు వందల మైళ్ళు

ఇంజనీరింగ్ చదివిన మనలో చాలామంది పరీక్షల కోసం డీజిల్ సైకిల్ బొమ్మ గీసినవాళ్ళమే. ఆ ఇంజన్లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని బాగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. అందుకే పెట్రోలు ఇంజన్ కన్నా తక్కువ ఇంధనంతో పని జరుగుతుంది. కానీ 1920లలో డీజిల్ అంటే ఓడలకూ ఫ్యాక్టరీలకూ పనికొచ్చే బరువైన ఇంజన్. దాన్ని కారులో పెట్టి అమెరికాకు చూపించినవాడు క్లెస్సీ కమిన్స్.

ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ ఆయన ఊరు. చదువు ఎనిమిదో తరగతితో సరి. అక్కడి బ్యాంకరు ఇర్విన్ దగ్గర కారు డ్రైవరుగా, మెకానిక్కుగా పనిచేశాడు. ఆయన పెట్టుబడితోనే 1919లో ఇంజన్ల కంపెనీ మొదలైంది. పదేళ్ళయినా లాభం కనబడలేదు. 1929లో స్టాక్ మార్కెట్ కూలింది. కంపెనీ మూసేసే పరిస్థితి వచ్చింది.

ఆ ఏడాది క్రిస్మస్ రోజున కమిన్స్ ఓ పాత ప్యాకార్డ్ కారుకు డీజిల్ ఇంజన్ బిగించి, ఇర్విన్‌ను ఎక్కించుకుని తిప్పాడు. కంపెనీ నిలిచింది. 1930 జనవరిలో అదే కారును న్యూయార్క్ దాకా నడిపాడు. దాదాపు 800 మైళ్ళకు ఇంధనం ఖర్చు 1.38 డాలర్లు!

1931లో ఇండియానాపోలిస్ 500 పందెంలోకి దిగాడు. డ్యూసెన్‌బర్గ్ చాసిస్ మీద కమిన్స్ డీజిల్, స్టీరింగ్ దగ్గర డేవ్ ఎవాన్స్. సగటు వేగం గంటకు 86 మైళ్ళు. గెలిచిన కారుది 96 పైనే. మనవాడికి పదమూడో స్థానం. కానీ 200 ల్యాపుల్లో ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ పందెం చరిత్రలో అలా పూర్తిచేసిన మొదటి కారు అదే. అదే ఏడాది అదే ట్రాక్ మీద ఒక ట్రక్కును ఇంజన్ ఆపకుండా 13,000 మైళ్ళకు పైగా నడిపారు.

1952లో టర్బోచార్జర్ బిగించిన కమిన్స్ కారు 138 మైళ్ళ వేగంతో అర్హత పొంది, పందెం ఆరంభ వరుసలో మొదటి స్థానం దక్కించుకుంది. పందెంలో మాత్రం ట్రాక్ మీది రబ్బరు చెత్త టర్బోచార్జర్‌ను మూసేయడంతో 71 ల్యాపులకే తప్పుకుంది.

కంపెనీకి అన్నం పెట్టింది ఆగని బండే. ట్రక్కు యజమానికి కావలసింది కప్పు కాదు కదా, దారిలో మొరాయించని ఇంజన్, తక్కువ ఖర్చు. 1937లో, అంటే పద్దెనిమిదేళ్ళకు, కమిన్స్ కంపెనీ తొలి లాభం చూసింది. ఆ పద్దెనిమిదేళ్ళ ఓపికే అసలైన రికార్డు.