ఎక్స్‌ప్లెయినర్: పార్లమెంటులో బిల్లు పెట్టాక అసలేం జరుగుతుంది? విశాఖ పోర్టు బోర్డులో కార్మికులకు రెండో సీటు ఎలా వచ్చింది?

విశాఖపట్నం: పార్లమెంటు సమావేశాలు మొదలయ్యాయంటే చాలు.. ఫలానా బిల్లు పెట్టారు, ఫలానా బిల్లు జేపీసీకి వెళ్లింది, ఫలానా బిల్లు మూజువాణి ఓటుతో పాసైంది అంటూ స్క్రోలింగ్‌లు వరుసగా వస్తుంటాయి. సభలో గొడవ క్లిప్పులైతే ఫోన్లలో క్షణాల్లో తిరిగేస్తాయి. కానీ బిల్లు పెట్టిన రోజుకీ, పాసైన రోజుకీ మధ్యలో ఏం జరుగుతుందో చాలామందికి తెలీదు. బిల్లులో అక్షరాలు మారేది ఎక్కువగా ఆ మధ్యలోనే. దానికి మంచి ఉదాహరణ మన విశాఖ పోర్టే. ఆ కథతో పాటు, స్టీల్ ప్లాంట్ అమ్మకం నిర్ణయం అసలు బిల్లు రూపంలో పార్లమెంటుకు ఎందుకు రాలేదో కూడా చూద్దాం.

బిల్లు 'పెట్టడం' అంటే ఏంటి?

బిల్లు అంటే చట్టం ముసాయిదా. లోక్‌సభలో పెట్టాలంటే మంత్రి సాధారణంగా 7 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. బిల్లు కాపీలు కనీసం 2 రోజుల ముందు ఎంపీలకు అందాలి. అర్జెంటు అనుకుంటే స్పీకర్ అనుమతితో ఈ గడువు తగ్గించుకోవచ్చు. ఆ రోజు మంత్రి లేచి, బిల్లు ప్రవేశపెట్టడానికి సభ అనుమతి కోరతారు. సభ సరే అంటే బిల్లు సభ ముందుకు వచ్చినట్టే. దీన్నే 'ఫస్ట్ రీడింగ్' అంటారు. ఆ తర్వాత బిల్లు గెజిట్‌లో అచ్చవుతుంది.

అనుమతి దగ్గరే ఎంపీలు అడ్డుచెప్పొచ్చు. అప్పుడు స్పీకర్ ఇరుపక్షాలకూ క్లుప్తంగా మాట్లాడే అవకాశం ఇస్తారు. ఈ చట్టం చేసే అధికారం పార్లమెంటుకే లేదన్నది అభ్యంతరమైతే పూర్తి చర్చకు కూడా అనుమతించొచ్చు. తర్వాత ఓటింగ్. 2024 డిసెంబర్ 17న 'ఒకే దేశం - ఒకే ఎన్నిక' బిల్లు విషయంలో ఇదే జరిగింది. బిల్లు పెట్టడానికే ఓటింగ్ పెట్టాల్సి వచ్చింది. అనుకూలంగా 269, వ్యతిరేకంగా 198 ఓట్లు పడ్డాయి. అంటే ఆ రోజు బిల్లు పాసవలేదు. సభలోకి అడుగుపెట్టిందంతే.

మంత్రులే కాదు, మామూలు ఎంపీలు కూడా బిల్లు పెట్టొచ్చు. వీటిని ప్రైవేట్ మెంబర్ బిల్లులంటారు. వీటికి శుక్రవారం మధ్యాహ్నం టైమ్ ఇస్తారు. అయితే స్వాతంత్ర్యం వచ్చాక ఇలా చట్టాలైనవి 14 మాత్రమే. 1970 తర్వాత ఒక్కటీ చట్టం కాలేదు.

కమిటీకి ఎవరు పంపుతారు?

ఇక్కడే అసలు మలుపు. బిల్లు పెట్టాక దాన్ని కమిటీకి కచ్చితంగా పంపాలన్న రూలేమీ లేదు. కమిటీల్లో ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

* స్థాయీ సంఘం (స్టాండింగ్ కమిటీ): మంత్రిత్వ శాఖలవారీగా ఉండే కమిటీలు. 1993లో 17తో మొదలయ్యాయి. 2004 నుంచి 24 ఉన్నాయి. వీటిలో 16 లోక్‌సభ స్పీకర్ పరిధిలో, 8 రాజ్యసభ ఛైర్మన్ పరిధిలో పనిచేస్తాయి. ఒక్కో కమిటీలో 31 మంది ఉంటారు. లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులకు చోటు లేదు. వీటికి బిల్లు పంపేది స్పీకర్ లేదా ఛైర్మన్.

* సెలెక్ట్ కమిటీ: ఒక బిల్లు కోసం ఒకే సభ సభ్యులతో వేసే కమిటీ. సభ తీర్మానం చేయాలి. పని అయిపోగానే కమిటీ కూడా ముగుస్తుంది.

* సంయుక్త పార్లమెంటరీ కమిటీ (జేపీసీ): రెండు సభల వాళ్లూ ఉంటారు. దీనికీ తీర్మానం కావాలి. వక్ఫ్ సవరణ బిల్లును 2024 ఆగస్టులో జేపీసీకి పంపారు. ఒకే ఎన్నిక బిల్లుపై వేసిన జేపీసీలో 39 మంది ఉన్నారు.

కమిటీ మీటింగులు తలుపులు వేసుకుని జరుగుతాయి. కెమెరాలుండవు, పార్టీ విప్ ఉండదు. అందుకే సభలో అరుచుకునే వాళ్లే అక్కడ కూర్చుని క్లాజుల వారీగా మాట్లాడుకుంటారని చెబుతారు. శాఖ అధికారులను పిలిచి అడుగుతారు. యూనియన్లు, వ్యాపార సంఘాలు, నిపుణుల మాట వింటారు. చివరకు రిపోర్టు ఇస్తారు. ఒప్పుకోని సభ్యులు తమ అసమ్మతిని రాతపూర్వకంగా రిపోర్టుకు జత చేయొచ్చు.

విశాఖ పోర్టు బిల్లు కథ ఇదీ..

విశాఖ పోర్టు 1933లో మొదలైంది. 1963 నాటి మేజర్ పోర్ట్ ట్రస్టుల చట్టం కింద 1964లో 'పోర్ట్ ట్రస్ట్' అయింది. అర్ధ శతాబ్దం పాటు అదే చట్టంతో నడిచింది. దాన్ని మార్చాలని కేంద్రం నిర్ణయించింది. పోర్టు నిర్ణయాలన్నీ చిన్న బోర్డు చేతిలో పెట్టడం, రేట్లు పోర్టే నిర్ణయించుకునేలా చేయడం ఉద్దేశం. పాత ట్రస్టు బోర్డుల్లో 17 నుంచి 19 మంది ఉండేవారు. కొత్త బోర్డుల్లో సంఖ్య తగ్గుతుంది. మరి తగ్గిన కుర్చీల్లో కార్మికులకు ఎన్ని? ఇదీ అసలు ప్రశ్న.

తేదీల వారీగా చూస్తే..

* 2016 డిసెంబర్ 16: మేజర్ పోర్ట్ అథారిటీస్ బిల్లు లోక్‌సభలో పెట్టారు. బోర్డులో ఉద్యోగుల తరఫున ఒక్కరికే చోటు.

* ఆ తర్వాత బిల్లు రవాణా, పర్యాటక, సాంస్కృతిక శాఖల స్థాయీ సంఘానికి వెళ్లింది.

* 2017 జూలై 18: కమిటీ రిపోర్టు ఇచ్చింది.

* 2018 ఫిబ్రవరి 7: కమిటీ సిఫార్సుల ఆధారంగా బిల్లులో సవరణలకు కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది. వాటిలో ఒకటి.. బోర్డులో కార్మిక ప్రతినిధుల సంఖ్య ఒకటి నుంచి రెండుకు పెంపు.

* 2019 మే: 16వ లోక్‌సభ రద్దయింది. బిల్లు మురిగిపోయింది.

* 2020 మార్చి 12: కొత్త బిల్లు లోక్‌సభలో పెట్టారు. ఈసారి ఇద్దరు ఉద్యోగుల ప్రతినిధుల మాట మొదటి నుంచే బిల్లులో ఉంది.

* 2020 సెప్టెంబర్ 23: లోక్‌సభ ఆమోదం.

* 2021 ఫిబ్రవరి 10: రాజ్యసభలో ఓటింగ్. అనుకూలం 84, వ్యతిరేకం 44.

* 2021 నవంబర్ 3: చట్టం అమల్లోకి. విశాఖపట్నం పోర్ట్ ట్రస్ట్ కాస్తా విశాఖపట్నం పోర్ట్ అథారిటీ అయింది.

ఈ లిస్టులో గమనించాల్సింది ఒకటుంది. బిల్లు మురిగిపోయినా కమిటీ చేసిన పని మురిగిపోలేదు. కమిటీ రిపోర్టు వల్ల వచ్చిన రెండో సీటు, మూడేళ్ల తర్వాత పెట్టిన కొత్త బిల్లులోకి నేరుగా వచ్చేసింది. ప్రైవేటీకరణకు దారి తీస్తుందంటూ పోర్టు యూనియన్లు ఈ చట్టాన్ని వ్యతిరేకించాయి. ఆ భయాలు కమిటీతో తీరిపోయాయని కాదు. కానీ బోర్డు టేబుల్ దగ్గర కార్మికుల కుర్చీ ఒకటి పెరిగింది. ఇది కేవలం విశాఖకే కాదు, ఈ చట్టం కిందకొచ్చే 11 మేజర్ పోర్టులకూ వర్తిస్తుంది.

కమిటీ చెప్పింది ప్రభుత్వం వినాల్సిందేనా?

అక్కర్లేదు. స్థాయీ సంఘం సిఫార్సులు సలహాలు మాత్రమే. ప్రభుత్వం కొన్ని తీసుకోవచ్చు, కొన్ని వదిలేయొచ్చు. కానీ రిపోర్టు సభ ముందు ఉంటుంది, అందరూ చదవొచ్చు. ఫలానా మాట ఎందుకు పట్టించుకోలేదని సభలో నిలదీయడానికి ఆధారం దొరుకుతుంది.

బిల్లు మురిగిపోవడంపైనా ఓ రూల్ గుర్తుపెట్టుకోవాలి. లోక్‌సభలో పెండింగ్‌లో ఉన్న బిల్లు, ఆ సభ రద్దయితే మురిగిపోతుంది. రాజ్యసభలో పెట్టి, ఇంకా లోక్‌సభకు చేరని బిల్లు మాత్రం బతికే ఉంటుంది. ఎందుకంటే రాజ్యసభ రద్దు కాదు.

కమిటీకి వెళ్లకపోతే?

పోర్టులకే సంబంధించిన ఇంకో బిల్లు చూడండి. 1908 నాటి ఇండియన్ పోర్ట్స్ యాక్ట్ స్థానంలో తెచ్చిన ఇండియన్ పోర్ట్స్ బిల్లు 2025 మార్చి 28న లోక్‌సభలోకి వచ్చింది. ఆగస్టు 12న లోక్‌సభ, 18న రాజ్యసభ ఆమోదించేశాయి. మధ్యలో నాలుగున్నర నెలలున్నా స్థాయీ సంఘానికి పంపలేదు. రాష్ట్రాల మారిటైమ్ బోర్డుల అధికారాలు ఈ చట్టంలోనే ఉన్నాయి. గంగవరం, కృష్ణపట్నం లాంటి పోర్టులు రాష్ట్రం పరిధిలోవే కాబట్టి ఏపీకి ఇది చిన్న విషయమేం కాదు.

దేశం మొత్తం మీద ట్రెండ్ కూడా ఇలాగే ఉంది. పార్లమెంటు పనితీరును లెక్కగట్టే పీఆర్‌ఎస్ సంస్థ ప్రకారం, 14వ లోక్‌సభ కాలంలో 60 శాతం బిల్లులు కమిటీలకు వెళ్లాయి. 15వ లోక్‌సభలో అది 71 శాతం. 16వ లోక్‌సభకు వచ్చేసరికి పాతిక శాతం చుట్టూ ఆగింది. 17వ లోక్‌సభలో 16 శాతమే.

తెలుగువాళ్లు మర్చిపోలేని బిల్లు ఇంకోటి ఉంది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలోకి వచ్చింది. పెప్పర్ స్ప్రే ఘటన ఆ రోజుదే. ఐదు రోజుల్లో లోక్‌సభ, ఇంకో రెండు రోజుల్లో రాజ్యసభ పాస్ చేశాయి. పార్లమెంటు కమిటీ దశే లేదు. ఆ చట్టం 13వ షెడ్యూల్‌లో రైల్వే జోన్ గురించి ఉన్న మాట.. 'పరిశీలించాలి'. 'ఏర్పాటు చేయాలి' అని లేదు. విశాఖ హెడ్‌క్వార్టర్స్‌గా సౌత్ కోస్ట్ రైల్వే జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరి 27న వచ్చింది. జోన్ ఆఫీసు భవనాలకు శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగింది. కమిటీకి వెళ్లి ఉంటే ఆ మాట మారేదా లేదా అన్నది ఎవరూ చెప్పలేరు. కానీ ఒక్కో క్లాజు పట్టుకుని 'ఈ పదమే ఎందుకు' అని అడిగే చోటు కమిటీయే.

మరి స్టీల్ ప్లాంట్‌కు బిల్లు ఎందుకు రాలేదు?

విశాఖలో చాలామంది అడిగే ప్రశ్న ఇది. 2021 జనవరి 27న విశాఖ ఉక్కులో 100 శాతం వాటా అమ్మకానికి కేంద్ర కేబినెట్ కమిటీ సూత్రప్రాయంగా ఓకే చెప్పింది. ఇక్కడ 'కేబినెట్ కమిటీ' అంటే మంత్రుల కమిటీ. పార్లమెంటు కమిటీకీ దానికీ సంబంధం లేదు.

పోర్టు ట్రస్ట్ పుట్టింది పార్లమెంటు చట్టంతో. కాబట్టి దాన్ని మార్చాలన్నా చట్టమే కావాలి. స్టీల్ ప్లాంట్‌ను నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్ అలా కాదు. 1982లో కంపెనీల చట్టం కింద రిజిస్టరైన ప్రభుత్వ కంపెనీ అది. అందులో వాటా అమ్మకానికి విడిగా బిల్లు పెట్టాల్సిన పని లేకుండా పోయింది.

అదే ఊళ్లో మల్కాపురం రిఫైనరీ సంగతి వేరు. 1957లో కాల్టెక్స్ కంపెనీ పెట్టిన ఆ రిఫైనరీని 1977లో చట్టం చేసి జాతీయం చేశారు. తర్వాత అది హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. 2003లో హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్‌ల ప్రైవేటీకరణకు ప్రభుత్వం సిద్ధమైతే సుప్రీంకోర్టు బ్రేక్ వేసింది. ఆ జాతీయీకరణ చట్టాలు అమల్లో ఉండగా, వాటిని పార్లమెంటు మార్చకుండా అమ్మడం కుదరదంది. ఒకే ఊళ్లో మూడు పెద్ద సంస్థలున్నా, పుట్టుక ఎలా జరిగిందన్న దాన్ని బట్టి పార్లమెంటు పాత్ర మారిపోయింది.

అలాగని ఉక్కు విషయంలో పార్లమెంటుకు పనే లేదని కాదు. ఎంపీల ప్రశ్నలు, జీరో అవర్ ఉన్నాయి. ఉక్కు శాఖ బడ్జెట్ పద్దులను బొగ్గు, గనులు, ఉక్కు స్థాయీ సంఘం ప్రతి ఏటా పరిశీలిస్తుంది. 2025 జనవరి 17న ప్లాంట్‌కు ప్రకటించిన రూ.11,440 కోట్ల ప్యాకేజీ లాంటివి ఎలా ఖర్చవుతున్నాయో అడగడానికి ఆ కమిటీ ఓ దారి.

మామూలు జనం కమిటీకి ఏమైనా చెప్పొచ్చా?

చెప్పొచ్చు. బిల్లు కమిటీకి వెళ్లాక అభిప్రాయాలు కోరుతూ పేపర్లలో, పార్లమెంటు వెబ్‌సైట్లలో ప్రకటన ఇస్తుంటారు. గడువు చాలాసార్లు 15 రోజులే ఉంటుంది. అందుకే ప్రకటన కనిపించగానే కదలాలి.

* బిల్లు పూర్తి పాఠం లోక్‌సభ, రాజ్యసభ వెబ్‌సైట్లలో ఉంటుంది. ముందు అది చదవాలి.

* ఏ క్లాజు మీద అభ్యంతరమో నంబర్‌తో సహా రాయాలి. ఆ వాక్యం ఎలా ఉండాలో కూడా రాస్తే మంచిది.

* వినతిపత్రం ఇంగ్లిష్ లేదా హిందీలో అడుగుతుంటారు. ప్రకటనలో ఇచ్చిన అడ్రస్‌కు పోస్టులోనో, ఈ-మెయిల్‌లోనో పంపాలి.

* కమిటీ ముందు స్వయంగా మాట్లాడాలనుకుంటే ఆ విషయం స్పష్టంగా రాయాలి. పిలవాలా వద్దా అన్నది కమిటీ ఇష్టం.

* పంపిన పత్రం కమిటీ రికార్డు అవుతుంది. కమిటీ పని ముగిసేదాకా బయటపెట్టకూడదు.

అందుకే ఈసారి 'బిల్లు ప్రవేశపెట్టారు' అన్న బ్రేకింగ్ కనిపిస్తే, వెంటనే ఇంకో విషయం కూడా చూసుకోవాలి.. కమిటీకి పంపారా, లేదా? పంపితే చెప్పుకోవడానికి కొన్ని రోజులు ఉన్నట్టే. పంపకపోతే మిగిలింది సభలో చర్చ, ఓటింగ్ మాత్రమే. అప్పుడు మాట్లాడాల్సింది మన ఎంపీతోనే.