ఎనిమిదవ చిప్పు

1977వ సంవత్సరము ఆగస్టు మాసమున, అమెరికాలోని టాండీ సంస్థ తన రేడియో షాక్ దుకాణములందు విక్రయింప నుద్దేశించి, టీఆర్‌ఎస్-80 అను కంప్యూటరును ప్రకటించెను. తొలుత దీనిని విడిభాగముల కిట్టుగా అమ్మవలెనని సంస్థవారు తలంపగా, టంకము వేయనేరనివారే జనులలో హెచ్చని రూపకర్త స్టీవ్ లైనింగర్ వాదించి, సిద్ధపఱచిన యంత్రముగనే విక్రయించుటకు వారి నొప్పించెను. కొనువారిని టంకపు పనినుండి తప్పింప వెలసిన యీ యంత్రమే, కొలది కాలములో ఎందరిచేతనో టంకపు కడ్డీ పట్టించుట దాని చరిత్రలోని విశేషము.

ఇందులకు మూలము పొదుపు. తెర, క్యాసెట్ రికార్డరు సహితముగ దాదాపు 600 డాలర్లకే అమ్మవలసి యుండుటచే, లోపలి ప్రతి చిప్పునకును లెక్క చూడవలసివచ్చెను. తెరపై పంక్తికి 64 చొప్పున 16 పంక్తులు, అనగా 1,024 స్థానములు గలవు. 2102 అను జ్ఞాపకపు చిప్పు ఒక్కొక్క స్థానమునకు ఒక్కొక్క బిట్టును మాత్రమే ధరింపగలదు గనుక ఎనిమిది బిట్లకు ఎనిమిది చిప్పులు కావలెను. ఏడింటినే యమర్చి, లోపించిన బిట్టును తక్కినవానిలోని రెండు బిట్లనుండి ఒక లాజిక్ గేటుచే కల్పించిరి. అందుచే పెద్దబడి అక్షరములును, అంకెలును, బొమ్మల గళ్లును తెరపై కనబడుచుండెను గాని, చిన్నబడికి చోటు లేకపోయెను. అక్షరముల రూపములను దాచిన చిప్పులో మాత్రము చిన్నబడి యంతయు ముందే కొలువై యుండెను!

మైకేల్ ష్రేయర్ రచించిన ఎలక్ట్రిక్ పెన్సిల్ అను వ్రాతపని ప్రోగ్రాము ఈ యంత్రమునకు రాగానే, ఉత్తరములు, వ్యాసములు వ్రాసికొనగోరువారికి ఈ లోపము దుస్సహమయ్యెను. పెట్టె తెఱచినచో హామీ చెల్లదని యెఱిగియు వారు మరమేకులు విప్పిరి. ఉన్న యేడు చిప్పులలో నొకదాని వీపుపై, తల్లి బిడ్డను మోయు రీతిని, ఎనిమిదవ 2102ను నిలిపి, కాళ్లకు కాళ్లు కలిపి టంకము వేసి, దత్తాంశము వచ్చు కాలును పోవు కాలును మాత్రము వెలికి వంచి తీగలతో సంధించిరి. పాత ప్రోగ్రాముల నిమిత్తము మునుపటి స్థితికి మరలుటకు పలువురు ఒక మీటనుగూడ నమర్చుకొనిరి.

అంతతో నాగక, 4 కిలోబైట్ల జ్ఞాపకము గలవారు ఎనిమిది 4116 చిప్పులను కొని, లంకెలు మార్చి, దానిని 16 చేసికొనిరి. 10.6445 మెగాహెర్ట్జ్ స్ఫటిక స్పందనను ఆఱుచే భాగింపగా 1.77 వేగము వచ్చుచుండ, నాలుగుచే భాగించి 2.66 సాధించినవారును గలరు. అయితే క్యాసెట్ చదువుటకు వలయు కాలగణన ప్రాసెసరు వేగముపైననే ఆధారపడియుండుటచే, అప్పుడు మాత్రము పాత వేగమునకు దిగవలసివచ్చెను. 1980లో వేన్ గ్రీన్ ఆరంభించిన 80 మైక్రోకంప్యూటింగ్ పత్రికయు, 1982లో వెలువడిన డెనిస్ కిట్జ్ గ్రంథమును ఇట్టి విద్యలను ఇంటింటికిని చేర్చెను.

తుదకు రేడియో షాక్ తానే చిన్నబడి మార్పును విక్రయింపసాగెను. 1980 నాటి మోడల్ 3 యందు చిన్నబడి సహజాంగమయ్యెను, వేగమును 2.03కు పెరిగెను. కర్మాగారమునకు ఏ మార్పులు వలయునో చెప్పినవారు విపణి పరిశోధకులు కారు, హామీని వదలుకొని పెట్టె తెఱచిన కొనుగోలుదారులు.