తలకింత సాయం: నోబుల్స్ కౌంటీ పందుల రైతులు, అమెరికా కోవిడ్ చెల్లింపులు

2020 ఏప్రిల్ 20న మినసోటా రాష్ట్రపు నైరుతి మూలన, నోబుల్స్ కౌంటీలోని వర్తింగ్టన్ పట్టణంలో జేబీఎస్ పందిమాంసం కర్మాగారం మూతపడింది. రోజుకు దాదాపు 20 వేల పందులను తీసుకునే కర్మాగారమది. కార్మికులకు కోవిడ్ సోకడమే కారణం. పొరుగు రాష్ట్రంలో సూ ఫాల్స్‌లోని స్మిత్‌ఫీల్డ్ కర్మాగారం మూసివేతను అప్పటికి వారం కిందటే ప్రకటించారు. అమ్మకపు బరువుకు వచ్చిన పందిని కొనేవాడు లేడు, కొట్టంలో ఉంచుదామంటే వెనుక బ్యాచ్ పిల్లలు సిద్ధంగా ఉన్నాయి. చివరకు చాలామంది రైతులు పెంచిన పందులను చంపించాల్సి వచ్చింది. నెలాఖరుకు ఆ కర్మాగారాన్ని తిరిగి తెరిచింది కూడా మొదట ఈ పనికే.

అమెరికా వ్యవసాయ శాఖ ఏప్రిల్ 17నే 1,900 కోట్ల డాలర్ల కరోనా ఆహార సహాయ పథకాన్ని ప్రకటించింది. అందులో రైతులకు నేరుగా ఇచ్చేది 1,600 కోట్లు. ఈ సొమ్ము రెండు పద్దుల నుంచి వచ్చింది: మార్చిలో చేసిన కేర్స్ చట్టం కింద 950 కోట్లు, కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ నుంచి 650 కోట్లు. ఈ విభజన ఖాతాల సౌకర్యం కోసమేనని అనిపిస్తుంది గానీ, రైతు చేతికి వచ్చే మొత్తాన్ని తేల్చింది ఇదే. జనవరి 15 నుంచి ఏప్రిల్ 15 లోపు అమ్మిన పందులకు మొదటి పద్దు. ఏప్రిల్ 16 నుంచి మే 14 మధ్య రైతు ఎంచుకున్న రోజున కొట్టంలో ఉన్న పందులకు రెండోది. 120 పౌండ్లు దాటిన పందిని అమ్మి ఉంటే 18 డాలర్లు, కొట్టంలో మిగిలితే 17.

లెక్క వేసి చూద్దాం. ఫిబ్రవరిలో, కర్మాగారాలన్నీ నడుస్తున్న రోజుల్లో, 2,000 పందులను అమ్ముకున్న రైతుకు 36,000 డాలర్లు. మే 1న అన్నే పందులతో దిక్కుతోచక నిలిచిన రైతుకు 34,000. ధర పడిపోవడం, అసలు అమ్ముడే పోకపోవడం ఈ చెల్లింపుల పట్టికలో దాదాపు ఒకటే అయ్యాయి. సెప్టెంబరులో ప్రకటించిన రెండో విడతలో పందికి 23 డాలర్లు ఇచ్చారు. అదీ తల లెక్కే.

మనిషికి గరిష్ఠ పరిమితి 2.5 లక్షల డాలర్లు. 17 డాలర్ల లెక్కన సుమారు 14,700 పందులు ఉంటేగాని ఆ పరిమితి తగలదు. పైగా ముగ్గురు భాగస్వాములు తలా 400 గంటల శ్రమో నిర్వహణో చూపితే కంపెనీకి 7.5 లక్షల వరకు అందేది. చిన్న రైతును కాపాడే పరిమితి అనడానికి నాకు నోరు రావడం లేదు.

అసలు పట్టికలో లేనివారు కాంట్రాక్టు పెంపకందారులు. కొట్టం, దాని మీది అప్పు, కరెంటు బిల్లు వారివి. పందులు మాత్రం కంపెనీవి. మన దగ్గర బ్రాయిలర్ కోళ్ల ఇంటిగ్రేషన్ చూసినవారికి ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. పంది తమది కాదు కనుక ధర నష్టమూ తమది కాదని మొదటి విడతలో వారిని పక్కన పెట్టారు. కొట్టం ఖాళీగా ఉంటే వారికి పెంపకం కూలి రాదన్న సంగతి 2020 డిసెంబరు చట్టం దాకా లెక్కకు రాలేదు; దరఖాస్తులు తీసుకున్నది 2021లో.

అతుకులన్నీ ఆ ఏడాదే పడ్డాయి. చంపిన పందులకు మార్కెట్ విలువలో 80 శాతం ఇచ్చే పథకం జులైలో వచ్చింది. ముందస్తు ఒప్పందం లేక ఏ రోజు ధరకు ఆ రోజు అమ్ముకున్న రైతులకు పందికి 54 డాలర్లు ప్రకటించింది డిసెంబరులో. మాంసం కర్మాగారాల, పొలాల కార్మికులకు ఒక్కసారి ఇచ్చే 600 డాలర్ల సాయం సెప్టెంబరు ప్రకటన.

మొదటి పట్టిక వేగంగా డబ్బు పంచింది, అది ఒప్పుకోవాలి. అయితే 2020 ఏప్రిల్‌లో అందరికన్నా ముందు దెబ్బతిన్నవారి నష్టానికి తగిన కొలత 2021లో గానీ తయారు కాలేదు.