బొమ్మకు కౌలు

గుంటూరులో ఫొటోగ్రాఫరంటే పెళ్లిళ్లు తీసేవాడు, లేదా పేపర్లో పనిచేసేవాడు. తొంభైల్లో నేను రెండూ చేస్తూనే మూడో పని పెట్టుకున్నాను. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలు, కల్లంలో ఆరబోసిన కాయలు, కృష్ణమీద పడవలు స్లైడు ఫిల్ముమీద తీసి బొంబాయిలోని ఫొటో ఏజెన్సీకి పంపేవాణ్ణి. ఎవరూ అడక్కుండా తీసిన ఫొటోకి డబ్బులెవరిస్తారని ఇంట్లో అనేవారు. ఇచ్చేవారు మరి!

అది కౌలు లెక్క. స్లైడు నాదే. ఏ పత్రికకు, ఎంత సైజులో, ఏ దేశంలో, ఎన్నాళ్లకు అన్నదాన్నిబట్టి రేటు. వచ్చినదాంట్లో ఏజెన్సీకి సగం, నాకు సగం.

ఈ వ్యాపారానికి ఆద్యుల్లో ఒకడు హెచ్. ఆర్మ్‌స్ట్రాంగ్ రాబర్ట్స్. 1920లో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టాడు. తరవాతి పెద్ద పేరు ఒట్టో బెట్‌మన్. యూదుడని నాజీలు బెర్లిన్ గ్రంథాలయంలో ఉద్యోగం తీసేస్తే, 1935లో రెండు ట్రంకుపెట్టెల నిండా బొమ్మలతో న్యూయార్క్ చేరాడు. ఆ పెట్టెలతోనే బెట్‌మన్ ఆర్కైవ్ పుట్టింది. మన దేశంలో జగదీశ్ అగర్వాల్ 1987లో బొంబాయిలో డినోడియా తెరిచాడు.

కష్టమంతా ఫొటో తీశాక ఉండేది. లైట్ బాక్సుమీద స్లైడు పెట్టి, లూప్ అనే భూతద్దం కంటికానించి, కంటిపాప దగ్గర షార్పుగా లేనిదాన్ని పక్కన పడేయాలి. రెండంగుళాల మౌంటుమీద సన్నపాళీ పెన్నుతో ఊరు, పని, ఏడాది ఇంగ్లీషులో రాయాలి. షీటుకి ఇరవై. మొహం కనబడితే ఆ మనిషి ఒప్పుకోలు కాగితం జతచేయాలి. లేకపోతే ప్రకటనలకు పనికిరాదు. ఆ కాగితం హమాలీలకు తెలుగులో చదివి వినిపించి వేలిముద్ర వేయించుకునేవాణ్ణి. "మా బొమ్మ అమెరికా పోద్దా?" అని నవ్వేవారు. అమెరికాలో ఏజెన్సీ ఒక స్లైడు పోగొడితే 1500 డాలర్లు కట్టాలన్నది అప్పటి ఆనవాయితీ. ఇక్కడ ఒక ఏజెన్సీ నా షీటుకి షీటే పోగొట్టింది. చింతిస్తున్నామని ఉత్తరం వచ్చింది, ఇంగ్లీషు మాత్రం చక్కగా ఉంది.

డిజిటల్ కెమెరా వచ్చి మా పొట్ట కొట్టిందని తోటివాళ్లంటారు. నేనొప్పుకోను. అంతకు ముందే, 1991లో, సియాటిల్‌లో ఫొటోడిస్క్ అనే కంపెనీ ఫొటోలను సీడీల్లో నింపి అమ్మడం మొదలుపెట్టింది. ఒకసారి కొంటే ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. కౌలు పోయింది అక్కడే. 2000లో కెనడాలో పుట్టిన ఐస్టాక్ అనే వెబ్‌సైటు ఫొటో ధరను డాలరు స్థాయికి దించింది. 2006లో గెట్టీ అనే పెద్ద ఫొటో ఏజెన్సీ దాన్ని 5 కోట్ల డాలర్లకు కొనేసింది.

ఇందుకు పూర్తి విరుద్ధమైన కథ విండోస్ ఎక్స్‌పీ తెరమీది పచ్చటి గుట్టది. 1996లో కాలిఫోర్నియాలో చార్లెస్ ఓరియర్ ఫిల్ముమీద తీసి ఏజెన్సీకిచ్చిన ఫొటో అది. మైక్రోసాఫ్ట్ దాని హక్కులు కొన్నప్పుడు, విలువ చూసి కొరియరువాళ్లు బీమా చేయడానికి జంకితే, ఆయనే విమానమెక్కి తీసుకెళ్లి ఇచ్చాడు. అంత ధర ఒక్క ఫొటోకి!

ఇప్పుడు ఫోనులోంచే ఫొటోలు ఎక్కిస్తున్న పిల్లలకు ఒకటే చెబుతాను. 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కేముందు ఎన్నాళ్లకిస్తున్నారో, ఎన్నిసార్లకిస్తున్నారో, ఏఐకి నేర్పడానికి కూడా ఇచ్చేస్తున్నారేమో చదవండి.