అమ్మ ఎత్తిన కారు

ఇంట్లో ఉన్న ఆమెకి బయట ఏదో దబ్బున పడిన చప్పుడు వినిపించింది. అంతలోనే పక్కింటి పిల్లాడు చెప్పేశాడు, వాకిట్లో కారు జారి పడిందని, కింద ఆమె కొడుకు ఉన్నాడని.

1982వ సంవత్సరం. అమెరికాలోని జార్జియా రాష్ట్రం. కారు 1964 మోడల్ షెవర్లే ఇంపాలా. అప్పటికే పద్దెనిమిదేళ్ల పాత బండి. మన అంబాసిడర్ పక్కన నిలబెడితే మీటరు పొడుగు ఎక్కువ, బరువు టన్నున్నర పైమాటే. వెనక సస్పెన్షన్‌లో ఏదో పని చేసుకుందామని ఆ కుర్రాడు బండిని జాకీ మీద లేపి, వెనక చక్రం ఒకటి విప్పి పక్కన పడేసి, చక్రం ఉండాల్సిన ఖాళీలోకి దూరాడు. లోపల ఏదో బిగుసుకుపోయి ఊడి రాలేదు. పట్టుకుని గుంజాడు. గుంజిన ప్రతిసారీ బండి కాస్త ఊగింది. ఊగి ఊగి జాకీ మీంచి జారింది.

ఆమె వచ్చేసరికి అతనికి స్పృహ లేదు. చక్రం మీదుండే రేకు గూడు అతన్ని నేలకేసి నొక్కేస్తోంది. ఎవరినైనా పిలుచుకు రమ్మని పిల్లాణ్ని తరిమింది. వాళ్లు వచ్చేదాకా ఆగలేకపోయింది. కారు పక్క అంచు రెండు చేతులా పట్టుకుని, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి పైకి లాగింది.

లేచింది.

బాగా ఎత్తుకేమీ కాదు, ఏవో కొద్ది అంగుళాలు. ఊపిరాడడానికి ఆ కాస్త సందు చాలింది. స్పృహలో లేనివాడు పాక్కుంటూ బయటికి రాలేడు కదా. వదిలితే పడుతుంది. కాబట్టి ఆమె అలాగే పట్టుకుని నిలబడింది, ఇరుగుపొరుగు వచ్చేదాకా.

కుర్రాడు బతికాడు, కోలుకున్నాడు. తల్లి ప్రేమకి తార్కాణంగా ఈ కథ అప్పట్నుంచీ ప్రపంచమంతా తిరుగుతూనే ఉంది. తిరిగే కొద్దీ ఆమె ఎత్తిన బరువూ పెరుగుతూ వచ్చింది. నిజానికి ఆమె మొత్తం కారుని ఎత్తలేదు. మిగతా చక్రాలు నేలమీదే ఉన్నాయి, ఆమె చేతుల మీద పడింది ఒక మూల బరువు, అందులోనూ కొంత. అయినా అది మామూలు మనిషి మామూలు రోజున సులువుగా ఎత్తగలిగే బరువు కాదు. 1962లో వచ్చిన మహా బలశాలి హల్క్ బొమ్మల కథకి స్ఫూర్తి ఇలాంటి ఒక తల్లేనని చిత్రకారుడు జాక్ కర్బీ చెప్పాడు. కారు కింద ఇరుక్కున్న బిడ్డ కోసం బండి వెనక భాగం ఎత్తిన మనిషిని కళ్లారా చూశాడట.

అందరూ ఆ తల్లి చేతులు చూశారు. నా కన్ను మాత్రం ఆ జాకీ మీదే పడింది.

జాకీ పైనుంచి పడే బరువుకి పుట్టిన వస్తువు. నిలువుగా తన హద్దు దాకా బాగానే మోస్తుంది. పక్కకి తోస్తే మాత్రం దాని దగ్గర ఏమీ లేదు. మన కారు డిక్కీలో ఉండే జాకీ అడుగు చూడండి, అరచెయ్యంత. బండి రెండంగుళాలు ముందుకో వెనక్కో కదిలిందంటే జాకీ తల బండితో పాటు పోతుంది, పాదం ఉన్నచోటే ఉంటుంది. ఇక అది నిలబడదు. ఆ కాలం అమెరికా కార్లతో ఇచ్చే బంపర్ జాకీలు ఇంకా అన్యాయం. నిలువు కడ్డీ ఒకటి, దాని మీద పళ్ల వెంట ఎక్కే కొక్కెం ఒకటి, ఆ కొక్కెం బంపర్ అంచుకి తగిలించడం.

మరి బండి ఎందుకు కదులుతుంది, గేర్లో వేశాం కదా అంటారు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఇంపాలా లాంటి బండికి ఇంజన్ తిప్పేది వెనక చక్రాలని. రెండింటి మధ్యా డిఫరెన్షియల్ ఉంటుంది. గేరు షాఫ్టుని పట్టి ఆపుతుందే కానీ చక్రాలని విడివిడిగా ఆపదు. ఒకటి గాల్లో ఉంటే అది ఒక వైపు, నేలమీదిది ఇంకో వైపు హాయిగా తిరగొచ్చు. గేరు గేర్లోనే ఉంటుంది, బండి దొర్లుతుంది. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు పట్టేదీ వెనక చక్రాలనే. వెనక ఒక మూల లేపితే మిగిలేది ఒక్క చక్రం పట్టు.

అందుకే రాయి. మన హైవే పక్క టైరు షాపు కుర్రాడు ఈ సిద్ధాంతమేదీ చదవలేదు. బండి ఆగీ ఆగగానే, లేపబోయే మూలకి ఎదురు మూల చక్రానికి ముందొకటి, వెనకొకటి రాళ్లు తోస్తాడు. తర్వాత జాకీ జోలికి పోకుండా పానా అందుకుంటాడు. నట్లు ఒక్కోటీ పావు చుట్టు వదులు చేస్తాడు, చక్రం ఇంకా నేలమీద ఉండగానే. నట్టు మొరాయిస్తే కాలితో తొక్కి గుంజే గుంజుడంతా నేల కాస్తుంది. అదే గుంజుడు బండి గాల్లో ఉన్నప్పుడు గుంజితే ఏమవుతుందో జార్జియాలో చూశాం.

నేనోసారి తొందర పెట్టాను. “పైకి లేపెయ్ బాబూ, తర్వాత విప్పుకోవచ్చు” అన్నాను. “ఉండండి సార్, బండి మీదే, నడుం నాది” అన్నాడు.

ఆ తర్వాత జాకీ. మట్టిలో అయితే కింద మందపాటి చెక్క. జాకీ తల ఎక్కడో ఒకచోట కాదు, తలుపు కింద రేకు అంచులో కంపెనీ గుర్తు పెట్టిన గాటు దగ్గరే. చక్రం ఊడి రాగానే దాన్ని పడుకోబెట్టి, బండి అంచు కిందికి కాలితో తోస్తాడు. జాకీ జారినా బండి టైరు మీద పడుతుంది, కాలి మీద పడదు. ఆ ఇంపాలా పక్కనా విప్పిన చక్రం ఒకటి ఉంది. తోసుకోవడానికి అర నిమిషం పట్టేదేమో.

స్టెప్నీ మార్చడానికి ఇంత చాలు. బండి కింద తల పెట్టాలంటే మాత్రం ఇదీ చాలదు, ఇనుప స్టాండు కావాలి. జాకీ లేపడానికి, స్టాండు మోయడానికి. గ్యారేజీలో పెద్ద హైడ్రాలిక్ జాకీ చూసి ధైర్యపడొద్దు. లోపల నూనె ఆపేది ఒక సీలు, అది వదిలిందంటే బండి దిగిపోతుంది. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలొద్దు. పగిలే ముందు అవి వంగవు, మూలగవు, పగులుతాయి అంతే. స్టాండు మీద బండిని దించాక, కిందికి దూరబోయే ముందు చేత్తో గట్టిగా ఊపి చూడాలి. పడేదుంటే మనం బయట ఉండగానే పడాలి.

జార్జియా వాకిట్లో ఇరుగుపొరుగు పరుగున వచ్చారు. కారు అంచు పట్టుకుని తల్లి ఇంకా అలాగే ఉంది. కింద కుర్రాడు కదలడం లేదు. ఎవరికైనా ముందు కాళ్లు పట్టి లాగెయ్యాలనిపిస్తుంది. వాళ్లు లాగలేదు. పడి ఉన్న జాకీని తెచ్చి, మళ్లీ కారు కింద నిలబెట్టారు. అది బరువు పట్టాకే కుర్రాణ్ని బయటికి లాగారు.